సిర్సిల్లకు మోసుకపోయిన ఎరల కాసెట్టు

యాత్ర అంటే కాశీకో రామేశ్వరానికో పోయొచ్చినోళ్లు రాయాలె. నేను పోయింది కోరుట్లకు, జగిత్యాలకు, సిర్సిల్లకు. నడిమిట్ల మా రాయికల్. అంటే ఇంటికి పోయిన. ఇంటికి పోయినోడు యాత్ర రాసుడేందని మీరు అడుగుతరు. మస్కట్ దిక్కు మా రూంల తొమ్మిదిమందిమి ఉంటం. ఎవనికన్న సెలవు దొరికి పోయొస్తే తక్కినోళ్లు వాన్ని చుట్టుముట్టి అడుగుతరు: చాయ్ ఎంతకు పెరిగింది, వానలు పడ్డయా, మా గల్లీ దిక్కు పోయినవా. ఈసారి పోయింది నేను. ఎనిమిదిమందికి ఎనిమిదిసార్లు చెప్తే ఎనిమిది తీర్లుగ వచ్చింది. అందుకే ఒక్కసారి రాసిపెడుతున్న. నవ్వొచ్చినకాడ నవ్వుర్రి. నవ్వు రానికాడ నేను సుత నవ్వలేదు.

ఎడారిల ఎర్రలు

ముందుగాల రాజేశం కాక ముచ్చట చెప్పాలె. సిర్సిల్ల నేతపనోడు, యాభై దాటినయి, మా రూంల అందరికన్న పెద్ద. నాకు సుట్టం కాదు, నోటికి అలవాటైన కాక. శుక్రారం పని బందుంటది. ఆ ఒక్క దినం గాలాలు పట్టుకొని సముద్రం ఒడ్డుకు పోతం.

మొదటి ఏడాది మేము చేసిన పని మా జిల్లోళ్లు తప్ప ఎవ్వలు చెయ్యరు. గాలమంటే ఎర్రలు, అంటే వానపాములు, కావాలె కద. ఎడారిల ఎర్రలు తవ్వినం. బాత్‌రూముల ఎనుక తడి పారేకాడ రెండు గంటలు తవ్వితే పదకొండు దొరికినయి. డబ్బాల మన్ను పోసి, తడిగుడ్డ కప్పి, కొత్త పెండ్లికూతుర్ని తోలుకపోయినట్టు తీసుకపోయినం. ఉప్పునీళ్లల్ల పడంగనే తెల్లగ పాలిపోయి దారాలోలె వేలాడినయి. చేపలు వచ్చి చూసిపోయినయి. మల్లొక్క శుక్రారం జొన్నపిండి ముద్ద. ఒక్క అల కొట్టంగనే ముద్ద పోయి ఉత్త గాలం మిగిలింది. వచ్చేవారం గట్క వండుదామా అన్న. కాక నన్ను కొట్టలేదు, చూసిండు అంతే.

తర్వాత ఆయిన గాలం పక్కకు పెట్టి నెలదినాలు ఉత్తగ ఒడ్డున కూసున్నడు. పక్కపొంటి మలయాళపోళ్లు ఏం గుచ్చుతున్నరు, ఏం పడుతున్నయి, నీళ్లు ముందటికొచ్చేటప్పుడు ఏంది, ఎనుకకు పోయేటప్పుడు ఏంది, అన్నీ చూసిండు. ఆ నెల తర్వాత మలయాళపోళ్లే ఆయిన్ని అడుగుడు షురువైంది.

ఇగ కాసెట్టు సంగతి. మా దిక్కు బయటి దేశం పోయినోళ్లకు ఉత్తరాల కన్న కాసెట్లే ఎక్కువ. సదువు రానోళ్లు సుత మాట్లాడొచ్చు. ఇంటికి పోయేటోని చేతికిచ్చి పంపుతరు. ఒక్కటే కాసెట్టు అటు ఇటు తిరుగుతది. ఏ పక్క ఇక్కడున్నోనిది, బీ పక్క ఇంటోళ్లది. కొత్త ముచ్చట పాతదాని మీదనే నింపుతరు, పాతది కొట్టుకపోతది. పోయినా ఎవలు బాధపడరు. మాట్లాడేటోడు ఉన్నడు కద, మల్ల మాట్లాడుతడు.

కాక కాసెట్టు పోయినసారి వచ్చి ఏడాదిన్నర దాటింది. ఒడ్డున ఒక్కడు కూసోని, చెవికి వైరు పెట్టుకొని వినేది. పాత పాటలనుకున్నం మేము.

ఆయినకు ఒక్కడే కొడుకు, శంకర్. ఏడాది కింద ఇంటికెళ్లి ఉత్తరం వచ్చింది: శంకర్ నాలుగైదు నెల్లాయె ఊర్ల లేడు. ఆ ఏండ్లల్ల మా దిక్కు ఆ మాటకు ఒక్కటే అర్థం. అన్నలల్ల కలిసిండు, అడివికి పోయిండు. కాక ఉత్తరం మడిచి పెట్టెల పెట్టిండు. తర్వాత ఆర్నెల్లు మా సేటు ఎంటపడి కొడుక్కు ఒక వీసా మాట్లాడిండు.

నేను బయలెల్లే దినం చెప్పిండు: "నాలుగు ఫోటోలు పట్కరా మల్లేశా. పాసుపోర్టు సైజువి. ఫోటోలొస్తే వీసా నిలబడుతది, లేకుంటే ఇంకొకనికి పోతది."

"శంకర్ అడివిల ఉంటే ఫోటో ఎవలు తీస్తరు కాకా?"

"బయటికొచ్చినోళ్లు లేరా? వస్తడు. కాసెట్ల వాని కోసమే మాట్లాడిన."

"ఏం మాట్లాడినవు?"

"ఎరల గురించి. వాడే అడిగిండు పోయినసారి, సముద్రంల ఏం పెడుతరని. వేరే ముచ్చటైతే నడుమ ఎవలెవలు వింటరో. రెండో పక్క పాతదే ఉన్నది, కొట్టేసి నింపుమను."

పాసుపోర్టుకు పోలీసోళ్ల కాయితం కావాలె, అడివికెళ్లి వచ్చినోనికి ఎవలిస్తరని నేను అడగలే. ఆయిన ఆశకు ఆ కాయితం అవుసరం లేదు.

కాసెట్టుతోని ఒక రేకు డబ్బ సుత ఇచ్చిండు. అండ్ల నాలుగు గాలాలు, సీసం గుండ్లు, నైలాన్ దారం, ఒక నూలు ఉండ. కొడుకు చేతితోని పట్టి చూసి నేర్సుకోవాలెనట.

కోరుట్ల

బొంబాయి బస్సు పొద్దున్నే కోరుట్లల దించింది. రెండేండ్ల తర్వాత నేలమీద కాలు పెట్టిన, కండ్లల్ల నీళ్లొస్తయనుకున్న. వచ్చింది దుమ్ము.

చాయ్ రూపాయి అయింది. మస్కట్ల చాయ్ పెద్ద గ్లాసుల ఇస్తరు, ఇక్కడ అంగుష్ఠమంత కప్పుల. అయినా మన చాయే మంచిగుంటది అని రాయాలె నేను. నిజం చెప్తే రెండూ ఒక్కతీరుగనే ఉన్నయి.

చాయ్ పోసే ముసలాయన నా పెట్టెను చూసి అడిగిండు: "అక్కడ కరెంటు పోతదా?"

"పోదు తాతా."

"అసలుకే పోదా?"

"పోదు."

"మరి ఎప్పుడు పండుకుంటర్రా మీరు?"

హోటల్ ఎదురుంగ గోడ మీద ఎర్ర రాతలు. రాతల మీద సున్నం. సున్నం మీద మల్ల రాతలు. గోడకు మస్తు పని దొరికింది, ఊర్ల పోరగాళ్లకే దొరకలేదు. రాతలు చదువుతుంటే ముసలాయన మెల్లగ అన్నడు: "గటు చూడకు. చాయ్ చూసుకుంట తాగు."

నాతోని పదోతరగతి చదివినోళ్లు ముగ్గురు కలిసిర్రు. నాలుగో చాయ్ అయ్యేలోపల నేను తెచ్చిన పాటల కాసెట్లన్ని పంచుకున్నరు. దోస్తానంటే గంతే. కాక కాసెట్టు ఒక్కటి డబ్బల ఉండుడుతోని బతికింది. బతికిందని అప్పుడు అనుకున్న.

రాయికల్

ఇంట్ల మా అవ్వ సర్వపిండి చేసింది. రెండేండ్లు దానికోసం కలలు కన్న. మొదటి ముక్క నోట్లె పెట్టంగనే మాడువాసన. నన్ను చూసుకుంట పొయ్యి మీద మర్సిపోయింది. మాడింది సుత తిన్న, ఇంకొకటి అడిగిన.

సాయంత్రం టేప్‌రికార్డర్ బయటికి తీసిన. రేడియో, టేపు రెండూ ఉన్న పెద్ద డబ్బ. వాడకట్టోళ్లు పదిహేనుమంది జమైండ్రు. మా మేనత్త అన్నది: "ఇది మన గొంతు పడుతదటగద. ఏదన్న మాట్లాడురా, మంచిగ నవ్వచ్చేటట్టు."

నా పాటల కాసెట్లు కోరుట్లల పోయినయి. మిగిలింది కాకది. బీ పక్క కొట్టేసి నింపుమన్నడు కద, ఎట్లయినా పోయేదే. ఆ పక్క పెట్టి ఎర్ర బటన్ వొత్తిన. జగిత్యాల బస్సు కండక్టరు ముక్కుతోని ఎట్ల అరుస్తడో అట్ల అరిసిన: "జగిత్యాల, జగిత్యాల. ముందటికి జరుగుర్రి, ముందటికి. ఓ పెద్దమనిషి, మేకకు టికెట్ తీసుకుంటివి, నీది ఎవలు తీసుకోవాలె?"

జనం పడీ పడీ నవ్విండ్రు. మా అత్త నవ్వలేక గోడ పట్టుకున్నది. బటన్ బందు చేసిన. అంత కలిపి ఇరవై సెకన్లు. నా జీవితంల ఇరవై సెకన్లల్ల అంతమందిని నవ్విచ్చింది అదొక్కసారే.

జగిత్యాల

జగిత్యాలల బస్సు మారాలె. గంట టైముండె, బస్టాండు ఎదురుంగ ఫోటో దుకాణంల అడిగిన, నాలుగు ఫోటోలు ఎంతని. పన్నెండు రూపాయలట.

"మనిషి రాకుండ, ఇంట్ల ఉన్న పాత ఫోటోకెళ్లి తీస్తవా?"

దుకాణమాయన నన్ను కిందికెళ్లి మీదిదాక చూసిండు. "తీస్త. దుబాయికా?"

"అవు."

"దుబాయికైతే నాలుగు. నాకాడ తీసుకున్నోళ్ల ఫోటోలు ఒక్కోసారి పోలీసోళ్లు వచ్చి అడుగుతరు. గప్పుడు ఐదోది తీస్త. దానికి పైసలు రావు."

ఇంక ఎక్కువ మాట్లాడలే. ఉడకబెట్టిన శెనిగల గుడాలు కొనుక్కొని బస్సెక్కిన. కండక్టరు ముక్కుతోని అరుస్తున్నడు. నాకన్న కొంచెం తక్కువనే చేస్తున్నడు అనిపించింది.

చౌరస్త కాడ

సిర్సిల్ల దారిల ఒక చౌరస్త కాడ బస్సు ఆపి మొగోళ్లనందర్ని దించిండ్రు. ఆ రోజులల్ల అది చాయ్‌కు ఆపినంత మామూలు. సంచులు విప్పిర్రు. నా రేకు డబ్బ కాడ కానిస్టేబుల్ చెయ్యి ఆగింది. సీసం గుండ్లు, దారం, కాసెట్టు. ముగ్గురు వచ్చి చూసిండ్రు. నన్ను గుడారం లోపలికి తోలుకపోయిండ్రు. బస్సు ఎల్లిపోయింది. కండక్టరు ఎనుకకు తిరిగి సుత చూడలే.

లోపల ఎస్సై. ముప్పై ఏండ్లుంటయి. మాట కోస్తా దిక్కుది.

"ఏమిటయ్యా ఇవి?"

"గాలాలు సార్."

"దేనికి?"

"చేపలకు సార్." మనుషులకైతే ఇంతకన్న పెద్దవి కావాలె సార్ అని నోటిదాక వచ్చింది. మింగిన. జోకు మింగుడు ఎంత కష్టమో ఆ దినం తెలిసింది.

"కాసెట్టులో ఏముంది?"

"సముద్రంల ఏం ఎర పెట్టాల్నో చెప్పిండు సార్ మా కాక."

"కరీంనగర్ జిల్లాలో సముద్రం ఎక్కడుందయ్యా?"

కాసెట్టును గుడారంల ఉన్న టేపుల పెట్టిండు. కాక గొంతు గుడారమంత నిండింది. "శంకరా, ఇను. ఎర అంటే మనకు దొరికేది కాదు. ఆ ఒడ్డున చేపకు దినాం దొరికేది. ఏం దొరుకుతదో ఎట్ల ఎరుక? మొదలు పడ్డ చేప కడుపు కొయ్యి. అండ్ల ఎండ్రికాయ చిప్ప ఉంటే ఎండ్రికాయ పెట్టు. రొయ్యపొట్టు ఉంటే రొయ్య పెట్టు. చేప అబద్ధం చెప్పది."

కానిస్టేబుల్ నోటుబుక్కు తీసి రాస్తున్నడు. ఎండ్రికాయ, రొయ్య. వీళ్లు దళంల ఎవలెవలో అని ఆయిన అనుమానం.

"నీళ్లు తేటగ ఉంటే మెరిసేది పెట్టు. వెండితీరు తోలున్న మత్తి చేపను నిలువుగ చీరి పెట్టు, కండ్లకు కనబడుతది. నీళ్లు మురికిగ ఉంటే కండ్లు పనిచెయ్యవు. గప్పుడు వాసన. కూంతల్ అని ఉంటది, ఎముక లేనిది, మన దిక్కు పేరు లేదు దానికి. ఒక దినం ఎండల పెట్టి మాగినంక పెట్టు."

"మాగబెడితే పీతలు తినేస్తాయి," అన్నడు ఎస్సై.

నేను, కానిస్టేబుల్ ఇద్దరం ఆయిన దిక్కు చూసినం.

"మాది సముద్రం ఊరు. మా నాన్న పచ్చి రొయ్యే గుచ్చేవాడు, తల తీసి, తోకవైపు నుంచి." టేపు దిక్కు చూసి అన్నడు: "కానీ మురికినీళ్లకి వాసన అన్నది కరెక్టే."

అరగంట పొడుగూత విన్నడు. కానిస్టేబుల్ రాసుడు ఎప్పుడో బందు చేసిండు. నడుమల ఒకసారి ఎస్సై కండ్లు మూసుకున్నడు. రెండేండ్లాయె ఇంటికి పోక అని కానిస్టేబుల్ నా చెవిల చెప్పిండు. నాకు జాలేసింది, ఏం చెయ్యాలె. తుపాకి ఒడిలనే ఉన్నది, జాలి సుత వచ్చింది.

ఏ పక్క అయిపోయింది. రెండో పక్క తిప్పిండు. జగిత్యాల, జగిత్యాల, ముందటికి జరుగుర్రి. మేక కాడికొచ్చేవరకు ఎస్సై నవ్విండు. టేపు బందు చేసి కాసెట్టు నా చేతిల పెట్టిండు. "పో. ఇలాంటివి పట్టుకుని తిరక్కు."

వచ్చే బస్సు దాక రెండు గంటలు రోడ్డు మీద నిలబడ్డ. నా గొంతు నన్ను కాపాడిందని మురిసిన. ఆయిన ఇంకో పది సెకన్లు టేపు తిరుగనిస్తే ఏమయ్యేదో అప్పటికి నాకు తెల్వది.

సిర్సిల్ల

సిర్సిల్లల కాక ఇల్లు అడుగుడు కష్టం కాదు, వినుడు కష్టం. గల్లీకి రెండు దిక్కుల సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు. చప్పుడుకు మనిషి మాట మనిషికి వినబడది. అక్కడోళ్లు ఆ చప్పుడుల పుట్టి, పండుకొని, లేస్తరు.

కాక భార్య కనకవ్వ గడపల కూసోని రాట్నం మీద కండెలు చుట్టుతున్నది. నేను మస్కట్ పేరు చెప్పంగనే నా మొకం దిక్కు చూసింది. చెయ్యి ఆపలేదు. "కూసో కొడుకా."

"సిన్నమ్మా, కాక మంచిగున్నడు," అని అరిసిన. ఆ గల్లీల అందరు అరుసుడే. "శంకర్‌వి నాలుగు ఫోటోలు కావాలెనట. వీసా వచ్చింది."

రాట్నం ఆగింది. బిడ్డ సుజాత, పద్దెనిమిదేండ్లుంటయి, లోపలికెళ్లి వచ్చి నా చెవి దగ్గర నోరు పెట్టి చెప్పింది: "అరువకు. అన్న లేడు. ఎదురుకాల్పులని పేపర్ల వేసిండ్రు. ఆర్నెల్లయింది."

నేను ఏం అడుగాల్నో తెల్వక తెల్విలేని మాట అడిగిన. "ఫోటో ఏది లేదా?"

"పేపర్ల పడ్డది ఉన్నది. పనికొస్తదా?"

ఎప్పుడు ఏదో ఒకటి అనేటోన్ని. చేతిల గుడాల పొట్లం ఉండె, దాన్ని చూసుకుంట కూసున్న.

కనకవ్వ దగ్గరికి జరిగింది. "ఆయినకు చెప్పలే కొడుకా. అక్కడ ఒక్కడు. వినంగనే పడిపోతే ఎవలు లేపుతరు? నువ్వు సుత చెప్పకు. భివండికి నేతపనికి పోయిండను. వీసా వద్దన్నడను."

"సరే సిన్నమ్మా."

"కాసెట్టు తెచ్చినవా?"

"తెచ్చిన. ఇప్పుడు వింటరా?"

"గీ చప్పుడుల ఏం వింటం. కరెంటు పోనియ్యి."

కరెంటు పోతే ముచ్చట బందయ్యే ఊర్లు చూసిన. సిర్సిల్లల కరెంటు పోతేనే ముచ్చట షురువైతది. నాకు పప్పుచారు, అన్నం పెట్టింది. మూడు గంటలకు కరెంటు పోయింది. గల్లీ గల్లీ ఒక్కసారి ఊపిరి బిగపట్టినట్టు ఆగింది. ఎక్కడో కోడి కూత సుత వినవడ్డది.

వాళ్లింట్ల ఉన్న టేపుల సెల్లులు వేసి ఏ పక్క పెట్టిన. కాక ఇంట్లకొచ్చి కూసున్నట్టే ఉన్నది. గుడారంల నేను సక్కగ వినని భాగం ఇక్కడ విన్న.

"అలలు పెద్దగున్నప్పుడు మెత్తది పెట్టకు శంకరా, ఇసిరినప్పుడే ఊడిపోతది. కూంతల్ గట్టిది, నిలబడుతది. మత్తే పెట్టాలంటే రాత్రికి ఉప్పుల వెయ్యి, కండ గట్టిపడుతది. ఎండ్రికాయ పెడితే చిన్నది పెట్టు, కాళ్లు ఇరిసి, కాలు ఊడిన తొర్రకెళ్లి గాలం ఎక్కియ్యి. ఇంకొక్కటి ఎవలకు తెల్వది, నేను కనిపెట్టిన. మత్తిని గాలానికి పెట్టినంక నూలుపోగుతోని చుట్టు. పదిచుట్లు. ముడి మగ్గం మీద తెగిన పోగుకు వేసినట్టే, ఒక్క చేత్తోని. మలయాళపోళ్లు నా ముడి చూసి పరేషానైతున్నరు. నీకు నేర్పనవసరం లేదు, ఐదేండ్లప్పుడే వేసినవు."

"పదిచుట్లు ఎక్కువ," అన్నది కనకవ్వ టేపు దిక్కు చూసుకుంట. "నూలు తడిస్తే బిగుస్తది. కండ తెగుతది."

టేపు అయిపోయింది. నేను అలవాటు ప్రకారం అన్న: "రెండో పక్క కొట్టేసి జవాబు నింపుమన్నడు."

"రెండో పక్క వాడున్నడు కొడుకా."

"ఎవలు?"

"శంకర్. ఇదే గడపల కూసోని మాట్లాడిండు. మాట్లాడిన వారం దినాలకే ఇల్లిడిసి పోయిండు. ఆనాడు పోయిన కాసెట్టు ఇగో ఇయ్యాల తిరిగొచ్చింది. పెట్టు."

నేను పెట్టలే. సుజాతనే తిప్పి పెట్టింది.

జగిత్యాల, జగిత్యాల. ముందటికి జరుగుర్రి.

మేక వచ్చింది. మా అత్త నవ్వింది. టక్కుమన్నది. దాని ఎనుకనే ఒక పిలగాని గొంతు, మాట నడిమిట్లకెళ్లి: "...పిండి పెడుతరా, ఎర్రలు పెడుతరా బాపూ? అక్కడ ఎర్రలు దొరుకుతయా? మానేరుల నాకు మొన్న కొర్రమట్ట పడ్డది, కప్పపిల్లను పెట్టిన..." మూడు నాలుగు నిమిషాలు. చెల్లె ఫీజు, మీటరు బిల్లు, పైలం బాపూ. అయిపోయింది.

కనకవ్వ మల్ల పెట్టుమన్నది. మల్ల కండక్టరు. మూడోసారి పెట్టుమన్నది. మల్ల మేక. నా జోకు నేనే అన్నిసార్లు వినుడు ఎప్పుడు లేదు. అసలుకే మంచిగ లేదది.

"ముందట వాడు ఏమో అన్నడు," అన్నది. "నా దిక్కు చూసుకుంట అన్నడు. ఒక్కసారే విన్న, వాడు మాట్లాడంగ. ఏమన్నడో మతికొస్తలేదు."

"నేనే సిన్నమ్మా. ఉత్తదే అనుకున్న. రాయికల్ల మావోళ్లు నవ్వియ్యిమంటే..."

"ఎరికే. నీ గొంతే కద."

"ఇంకో కాసెట్టు దొరుకలేదా నీకు?" అన్నది సుజాత. సాంచాలు బందుండె, ఆ మాట గల్లీ అంత వినవడ్డది.

కనకవ్వ బిడ్డను ఆపింది. నా మొకం చూసి అన్నది: "మంచిగనే చేసినవు కొడుకా కండక్టరును. అచ్చం గట్లనే అంటడు."

తిడితే బాగుండు. మా దిక్కు తిట్టడానికి ఎన్ని మాటలున్నయి, ఒక్కటి సుత వాడలేదామె.

చౌరస్త ముచ్చట నేను చెప్పలే. ఆ ఎస్సై నా కండక్టరుకు నవ్వి ఆపకుంటే, ఎనుకనే శంకర్ గొంతు వచ్చేది, కాసెట్టు ఈ గడపకు వచ్చేదే కాదు. అట్లని మనసుకు చెప్పుకున్న. మనసు నవ్వలే.

పాతది ఆమె చీరకొంగుల ముడేసుకున్నది. నేను బజారుకు పోయి కొత్తది కొనుక్కొచ్చిన, పద్దెనిమిది రూపాయలు. కరెంటు వచ్చేలోపల మాట్లాడాలె. ఎన్నడు టేపుల మాట్లాడని మనిషి, చీరకొంగు పట్టుకొని, టేపుకు కొంచెం దూరం కూసోని మాట్లాడింది.

"ఇగో, నేను కనకవ్వను. మంచిగున్నం. బిడ్డ మంచిగున్నది. పిలగాడు భివండి పోయిండు. నువ్వు చెప్పిన ఎరలు విన్నం. గా పోగు పదిచుట్లు చుట్టకు. తడిస్తే బిగుస్తది. ఆరు చాలు. వదులు చుట్టి, ముడి ఒక్కటే గట్టిగ వెయ్యి." టేపుకు ఇంకింత దగ్గరికి జరిగింది. "అన్నం మంచిగ తిను."

కరెంటు వచ్చింది. గల్లీ మల్ల మొదలైంది.

ఒడ్డు

తిరుగుబాటల పొడుగూత ఒక అబద్ధం తయారుచేసుకున్న. పాత కాసెట్టు ఏదని అడిగితే చౌరస్త కాడ పోలీసోళ్లు గుంజుకున్నరని చెప్పాలె. సగం నిజమే ఉన్నది అండ్ల, అబద్ధం సులువుగ నడుస్తది.

వచ్చిన మొదటి శుక్రారం ఇద్దరమే పోయినం. నీళ్లు ఎనుకకు పోతున్నయి. కాక రాళ్ల కింద ఎండ్రికాయలు ఏరుతున్నడు. కొత్త కాసెట్టు చేతికిచ్చిన. తిప్పి చూసిండు.

"పాతది ఏది?"

"పోలీసోళ్లు గుంజుకున్నరు కాకా."

ఇంక మాట్లాడమన్నట్టు చూసిండు. నేను మాట్లాడలే.

"నిజంగ గుంజుకుంటే," అన్నడు, "ఈపాటికి నువ్వు దాని మీద పది జోకులు చెప్పేటోనివి."

అల వచ్చింది, పోయింది.

"మీ సిన్నమ్మ ఉంచుకున్నది. వాని గొంతు ఉండె అండ్ల. పిలగాడు ఉంటే కొట్టేసి నింపేది కద. ఎన్నడు ఉంచుకోలే." ఎండ్రికాయల డబ్బ కింద పెట్టిండు. "ఎన్ని దినాలైంది?"

"ఆర్నెల్లు కాకా."

ఫోటోలు అడుగలే. రాయి మీద కూసున్నడు, కొత్త కాసెట్టు టేపుల పెట్టి విన్నడు. భివండి కాడ ఏం అనలే. ఆరు చాలు అన్నకాడ తల ఊపిండు.

ఇగ నాకు దాచుకునేది ఏం లేదు. రాయికల్ సంగతి చెప్పిన. ఇరవై సెకన్లు చెరిపిన అన్న. ఆమె ముందటి మాటలు మతికి తెచ్చుకుందామని మూడుసార్లు వినుడు, నా కండక్టరు, మేక, అన్నీ చెప్పిన. నెత్తి ఎత్తలే.

కాక టేపు నాకిచ్చిండు. "బీ పక్క తిప్పు."

తిప్పిన. ఎర్ర బటన్ మీద నా వేలు పడలే. ఆయినే వొత్తిండు.

"కనకవ్వా, నేను. పిలగాడు ముందటన్నది నీకు మతికి లేదటగద. నాకు ఉన్నది. ఏడాదిన్నర దినాం విన్న. ఇను, గిట్లన్నడు."

గొంతు సవరించుకున్నడు. కొడుకు గొంతు చెయ్యలే, తన గొంతుతోనే చెప్పిండు.

"‘బాపూ, మంచిగున్నవా? నేను శంకర్ని. కరెంటు పోయింది, గందుకే మాట్లాడుతున్న. అవ్వ నా పక్కకే కూసున్నది. నువ్వు ఒక్క మాటన్న మాట్లాడవ్వా అంటే నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వుతున్నది. వినవస్తుందా బాపూ? అగో, గదే. గది అవ్వ నవ్వు.’"

బటన్ మీదికెళ్లి వేలు తియ్యలే. టేపు తిరుగుతనే ఉన్నది, అలల చప్పుడు దానికి ఎక్కుతనే ఉన్నది.